గిరగిర టీచరు ఇంటి నెట్టు

ఆవిడ అసలు పేరు శిష్యుల్లో చాలామందికి తెలియదు. మాట్లాడుతూ మాట్లాడుతూనే ఓ చుట్టు తిరిగేస్తుంది కాబట్టి అందరికీ గిరగిర టీచరే. యాభై దాటినా ఆ కాళ్లు ఒకచోట నిలిచి ఎరగవు. మందుల షాపు మీది హాల్లో ఏళ్ల తరబడి డాన్సు నేర్పింది. ఆ బిల్డింగు కూల్చేశాక ఇంట్లోనే సోఫాను గోడకు నెట్టేసి, కంప్యూటరు ముందు క్లాసులు మొదలుపెట్టింది. పళ్ల డాక్టరు, బ్యాంకు మేనేజరమ్మ, ఇంకా డజను మంది ఎవరిళ్లలో వాళ్లు గంతులేసేవారు.

ఒక సాయంత్రం టీచరు ఎడమకాలు ఎత్తి, చేతులు రెక్కల్లా చాపి, ఇలా చెయ్యండి అంది. అందరూ ఎత్తారు. ఆవిడ కాలు దించి తర్వాతి అడుగు చూపించింది. ఎవరూ దించలేదు. తెర నిండా ఒంటికాలి మీద కొంగల్లా నిలబడి, గుడ్లప్పగించి తననే చూస్తున్నారు. ఎంత శ్రద్ధ నా పిల్లలకి, అని టీచరు మురిసిపోయింది. అంతలో పళ్ల డాక్టరు ఊగి ఊగి, పక్కనున్న బట్టల స్టాండుతో సహా తెరలోంచి మాయమైపోయాడు. వెంటనే బ్యాంకు మేనేజరమ్మ ఫోను.

"టీచర్, ఇంకెంతసేపండీ? కాలు తిమ్మిరెక్కిపోయింది."

నెట్టు ఆగి తన బొమ్మ అవతల కాలెత్తినట్టే బిగుసుకుపోయిందని అప్పుడు తెలిసింది. ఇదేదో పరీక్ష అనుకున్నారట పాపం. టీచరు నవ్వి నవ్వి నేలమీద కూలబడింది. నవ్వు తగ్గాక లేచి కూర్చుని ఆలోచనలో పడింది. రోజూ ఇలాగే అయితే క్లాసుకి ఎవరొస్తారు?

మొదటి అనుమానం మొగుడి క్రికెట్ మ్యాచుల మీదికి పోయింది. ఆయన టీవీ కట్టేశానని ఒట్టేశాడు. కంపెనీకి ఫోన్ చేస్తే, లైను భేషుగ్గా ఉంది, రౌటరు ఎక్కడ పెట్టారో చూసుకోమన్నారు. మర్నాడు ఆవిడ నెట్టు స్పీడు చూపించే ఫోను పట్టుకుని గదిగదీ తిరిగింది. వంటింట్లో అంకె నత్తనడక. అత్తగారి గదిలో బల్లమీద ఉండాల్సిన రౌటరే లేదు. దాని వైరు మాత్రం ఇనప బీరువా తలుపు సందులోంచి లోపలికి పోయింది. తెరిచి చూస్తే శాలువాల మధ్య, ఊలు టోపీ తొడుక్కుని, ఇస్త్రీపెట్టెలా కాలిపోతూ కూర్చుంది రౌటరు.

"దుమ్ము పడుతోందని నేనే పెట్టానమ్మా," అంది వెనకనుంచి అత్తగారు.

"ఇనప బీరువాలో పెడితే సిగ్నలు బయటికెలా వస్తుంది అత్తయ్యా? పైగా గాలి కూడా ఆడదు."

"టోపీ కూడా తీసెయ్యాలా?"

"తీసెయ్యాలి."

"పోన్లే, మావాడి తలకి సరిపోతుందేమో చూస్తా."

ఇంక రౌటరుకి మంచి చోటు కోసం వేట మొదలైంది. అత్తగారు పొడుగాటి వైరు ఈడ్చుకుంటూ, రౌటరు నెత్తిమీద ఎత్తి పట్టుకుని హాలంతా కలియదిరిగింది. కోడలు ఫోన్లో అంకెలు చదువుతూ ఇంకాస్త కుడికి, కాదు వెనక్కి, అంటూ వెంటపడింది. పెద్ద అద్దం వెనక అంకె నీరసించింది. టీవీ చాటున ఇంకా పడింది. హాలు మధ్య గోడకున్న పుస్తకాల అరమీదికి ఎక్కించగానే అంకె ఎగిరి గంతేసింది. ఇద్దరూ చేతులు పట్టుకుని ఓ చుట్టు తిరిగారు. ఈ గోలేమిటని వచ్చిన మొగుడి నెత్తిన ఊలు టోపీ ఉంది. ఆయన చేతే రౌటరు నుంచి కంప్యూటరుకి విడిగా ఓ వైరు లాగించారు.

ఆ సాయంత్రం క్లాసు ఎక్కడా ఆగలేదు. టీచరు బొంగరంలా తిరుగుతుంటే పళ్ల డాక్టరు చప్పట్లు కొట్టాడు. అదంతా తలుపు పక్కనుంచి చూసిన అత్తగారికి మనసు లాగేసింది. నేనూ చేరతానంది. హాల్లో మాత్రం కాదట.

"అందరి ముందూ కోడలు నన్ను దిద్దితే ఏం బాగుంటుంది? నా గదిలో ఫోన్ పెట్టుకుని చేస్తా."

ఇప్పుడు ఆవిడే అందరికంటే ముందు క్లాసుకి వస్తుంది. గోడవతల ధబధబ మొదలవుతుంది, తెరమీద ఆవిడ చోట మాత్రం తిరుగుతున్న సీలింగు ఫ్యానొక్కటే.

"అత్తయ్యా, ఫోన్ కాస్త కిందికి వంచండి," అంటుంది టీచరు, తిరగడం ఆపకుండానే.