బోనులో ఏడవని మనిషి

అరవైల చివర్లో మా యూనివర్సిటీకి తార్నాక నుంచి వచ్చే వడ్రంగి ఒకాయన, ఏ వస్తువు చేసినా ముందు తానే వాడి చూసేవాడు. కుర్చీ చేస్తే కూర్చునేవాడు, తలుపు బిగిస్తే నాలుగుసార్లు తీసి వేసేవాడు. మా నాటకానికి కోర్టు బోను చేసినప్పుడు మాత్రం అందులో అడుగు పెట్టలేదు.

ముద్దాయి వేషం నాది. మొదట రోషంగా నిలబడ్డ నిర్దోషి చివరికి ఏడ్చి జడ్జికి దండం పెట్టాలి. రిహార్సల్ చూసి ఆయన మా లెక్చరర్‌తో అన్నాడు: "తప్పు చేయనోడు గాడ ఏడ్వడు సార్. టేకు దొంగతనం చేసిన్నని నన్ను కోర్టు బోన్ల నిలబెట్టిన్రు. కోపమొచ్చింది గని ఏడుపు రాలె."

"నీ కోపం ఎవరిక్కావాలయ్యా? జనం కంటతడి పెట్టాలి. నువ్వు మేకులు కొట్టు చాలు," అన్నారు లెక్చరర్. నేనూ నవ్వాను. ఆ నవ్వు తలుచుకుంటే ఇప్పటికీ నా చెంప నేనే వాయించుకోవాలనిపిస్తుంది.

నాటకం రోజు బ్రహ్మాండంగా ఏడ్చాను. హాలంతా చప్పట్లు. మర్నాడు బోను విప్పుతున్న ఆయన్ని, ఎలా చేశానని సిగ్గు లేకుండా అడిగాను. మేకు పీకుతూ, తల ఎత్తకుండానే అన్నాడు:

"గాడ నిలబడి నేను తప్పు ఒప్పుకోలె సార్. నిన్న మీరు ఏడ్చి ఒప్పుకున్నరు."