అక్క పుస్తకానికి నా చేతులు

గడ్చిరోలిలో కాలేజీ చదువుకని నేను అద్దెకుంటున్న ఇంటి మేడమీద మొన్న ఇంటామె ఎండుమిర్చి ఆరబోసింది. ఆ ఘాటు కిటికీలోంచి వచ్చి తుమ్ములు మొదలయ్యాయి. పక్కగది అమ్మాయి తిట్టుకుంటూ తలుపేసుకుంది. నాకు మాత్రం మా అక్క గుర్తొచ్చి, తుమ్ముతూనే నవ్వుకున్నాను.

మాది సిరొంచ. మిరప కోతల కాలంలో ఇంటిల్లిపాదీ గోదావరి దాటి తెలంగాణ వైపు కూలికి పోయేవాళ్ళం. నర్సు చదువు పూర్తయినా సర్కారు కొలువు పరీక్ష అక్క రెండుసార్లు తప్పింది. అందుకని పుస్తకం సంచిలో వేసుకుని ఆమె కూడా చేనుకు వచ్చేది. పొద్దంతా కాయ ఏరిన చేతులు సాయంత్రానికి భగభగా మండేవి, మజ్జిగలో ముంచినా తగ్గేది కాదు. ఆ చేత్తో పేజీ ముడితే కాగితానికీ కారం అంటేది, పొరపాటున కన్ను నలుపుకుంటే అంతే సంగతులు. చిన్నదాన్నని నాకు నీళ్ళు మోసే పనే ఇచ్చేవారు కాబట్టి నా చేతులు బాగుండేవి. గుడిసె ముందు పుస్తకం ఒళ్ళో పెట్టుకుని నేను కూర్చుంటే, అక్క రెండు చేతులూ గాలికి చాపి చదివేది. "ఇగ తిప్పు" అంటే తిప్పాలి. అదే నా ఉద్యోగం. ఒకరోజు కునికిపాట్లు పడుతూ రెండు కాగితాలు కలిపి తిప్పేశాను. "ఏందే, ఇప్పుడే జరమొచ్చినోడు అప్పుడే ఇంటికి వోయిండు. నడుమ మందులెవలిచ్చిండ్రు?" అంది.

మూడోసారి పరీక్షకు ముందు బాపు తేల్చి చెప్పాడు. "గిదే ఆఖరు, బిడ్డా. గీసారి రాకపోతే పుస్తకం అటుకెక్కియ్యి. ఇంట్ల చేతులు సాల్తలేవు." ఆ తర్వాత చేను దగ్గర "ఇగ తిప్పు" అన్న మాట తొందర తొందరగా వినిపించేది. నాకు భయమేసేది.

అక్క గెలిచింది. భామ్రాగడ్ దవాఖానాలో నర్సు కొలువు! చుట్టాలందరినీ పిలిచి వాకిట్లో విందు పెట్టాం. పక్కింటి ఖాసిం చాచా బగారా అన్నం వండుతుంటే, బాపు ఆయన పక్కన కూర్చుని పొద్దున్నుంచీ మిరపకాయల తొడిమలు తీశాడు. అక్కను కుర్చీలో కూర్చోబెట్టారు. "బేటీ, ఇగ మాకు సూది జర మెల్లగ ఎయ్యాలె" అన్నాడు చాచా. అందరూ నవ్వారు, అక్కకు ఏడుపొచ్చేసింది. బాపు ఆగలేక లేచి వచ్చి తన చేత్తోనే ఆమె కళ్ళు తుడిచాడు.

"అమ్మో, బాపూ!" అంటూ అక్క కుర్చీలోంచి ఎగిరిపడింది. నీళ్ళకు నేనే పరిగెత్తాను, పాత అలవాటు కదా. చుట్టాలు పడీపడీ నవ్వుతున్నారు. బాపు మాత్రం తన అరచేతులు చూసుకుంటూ నిలబడిపోయాడు.

"నా చేతులు ఎన్నడో మొద్దువారినయ్ బిడ్డా. నాకు మంట తెల్వది. నీకు గింత మండుతదని యాదికే రాలే" అన్నాడు.

అక్క ఎర్రబడ్డ కళ్ళతో ఆ చేతులు పట్టుకుంది. "పోనియ్ బాపూ. గీ చేతులే గద నన్ను సదివిచ్చినయ్" అంటూ నన్ను కూడా దగ్గరికి లాక్కుంది. "గీ పిల్ల చేతులు కాయితాలు తిప్పినయ్."

కొలువు వచ్చాక అక్క నన్ను మళ్ళీ చేనుకు పోనివ్వలేదు. మిరప మంట ఎరగని చేతులు నావి, అది ఆమె ప్రేమే. వానాకాలంలో నదులు పొంగి భామ్రాగడ్ దారి తెగితే అక్క ఇంటికి రాలేకపోతుంది, ఫోనూ కలవదు. బెంగగా ఉంటుంది. అప్పుడు కాలేజీ పుస్తకం తీస్తాను. పేజీ చివరి వరుసకు రాగానే వేలు కాగితం మూల మీదికి పోయి ఆగుతుంది. "ఇగ తిప్పు" అని అక్క గొంతు వినిపించాకే తిప్పుతాను.