తెల్ల బకెట్టు మీది ఎర్ర గీత

మా ఎదురింటి సార్ పోయారని కిందటి మంగళవారం నల్లా నీళ్లు వచ్చే వేళకు తెలిసింది. గల్లీ మొదట్లో ఉన్న రంగుల షెడ్డువాళ్ల కోడలు వచ్చి, "పెద్దమ్మా, సార్ నిద్రల్నే పోయిండట" అంది. ఎవరు చెప్పారు, ఎవరు చూశారు అని రెండు ప్రశ్నలు అడిగిన తర్వాతే ఏడ్చాను. అనుమానం నాకు పుట్టుకతో వచ్చింది. దాన్ని ఎటు తిప్పాలో నేర్పింది మాత్రం ఆయనే.

సార్ హైస్కూల్లో చరిత్ర చెప్పేవారు. రిటైరయ్యాక క్లాసు దొరక్క మా కొత్తవాడ గల్లీకే పాఠం మొదలుపెట్టారు. అరుగు మీద కూర్చుంటే పందొమ్మిదో శతాబ్దపు ఇంగ్లండు మిల్లు ఊళ్లే ఆయన లోకం. ఒక్క గదిలో రెండు కుటుంబాలు, బావి పక్కనే పాయఖానా గుంత. కలరా దుర్వాసన వల్ల వస్తుందని అక్కడి పెద్దలు నమ్మారట. కంపు పోవాలని గుంతల్లోని మురికిని నదిలోకి తోసి, మళ్లీ ఆ నది నీళ్లే తాగారట. "ముక్కును నమ్మిన్రు అక్కా, కుండను అనుమానించలే" అనేవారు. బియ్యం ఏరే పని లేని మనిషికి ఎన్ని కబుర్లైనా దొరుకుతాయి అనుకునేదాన్ని.

ఆరేళ్ల కిందటి వానాకాలంలో గల్లీలో వాంతులు, విరేచనాలు మొదలయ్యాయి. మా మనవరాలికి దవాఖానలో నాలుగు రోజులు సెలైన్ ఎక్కించారు. దోషి ఎవరో నేను ఒక్క మధ్యాహ్నంలో తేల్చేశాను. జంపఖానాల నూలుకు రంగులు ఉడికించే ఆ షెడ్డే. దాని వాసనకు నా మందారం కూడా ముఖం తిప్పుకునేది. షెడ్డు ఖాళీ చేయించాలని అర్జీ రాశాను. చదువుకున్నదాన్ని కదా, గల్లీ అంతా చదవకుండానే సంతకాలు పెట్టింది.

సార్ మాత్రం చదివారు. "అక్షరాలు మంచిగున్నయ్ అక్కా. షెడ్డోళ్ల ఇంట్ల ఎవరికన్న జబ్బు చేసిందా?"

"వాళ్లకు ఆ కంపు అలవాటే సార్."

"వాళ్లకు సొంత బోరున్నది. నల్లా నీళ్లు తాగరు."

షెడ్డువాళ్లు ఈయనకు కొత్త జంపఖానా ఏదో ముట్టజెప్పి ఉంటారని నాకు అనుమానం. చింతపండు అడిగే నెపంతో వెళ్లి ఇల్లంతా చూసి వచ్చాను. అంచులు చిరిగిన చాప ఒకటి కనిపించింది. చింతపండు కూడా నాసిరకం.

మర్నాడు నల్లా రావడానికి గంట ముందు, ఆయన షెడ్డు కోడలి చేత మా ఇంటి ముందు మురికినీళ్ల మోరీలో బిందెడు ఎర్రరంగు పోయించారు. ఈ పూట నల్లా నీళ్లు ఎవరూ తాగొద్దని ఇంటింటికీ చెప్పి వచ్చారు.

"ఇది గూడ అర్జీల రాస్త" అన్నాను.

"రాయి పెద్దమ్మా. జర ఆగి రాయి" అంది ఆ పిల్ల.

నల్లా వచ్చింది. నా తెల్ల బకెట్టులో పడ్డ మొదటి నీళ్లు ఎర్రగా ఉన్నాయి. మాకు కింది ఇళ్లన్నిటిలోనూ అంతే. పై ఇళ్లలో తేటగా ఉన్నాయి. ఆ ఏడు ఉగాదికి నేను ముచ్చటపడి మోరీ మీద రెండు మెట్లు కట్టించాను. మోరీలోంచి పోయే నల్లా పైపు ఆ మెట్ల బరువుకే పగిలి, నీళ్లు రానప్పుడు మురికిని లోపలికి పీల్చుకుంటోంది. గల్లీలో అందరికంటే శుభ్రమైన గడప అప్పటిదాకా నాదే.

సార్ నవ్వలేదు. "మెట్లు పగలగొట్టాలె అక్కా. అర్జీ ఇప్పుడు ఎవరి మీద ఇద్దాం?" అన్నారు. నేను కాగితం చింపేశాను. సాయంత్రానికి మెట్లు పోయాయి, రెండు రోజుల్లో పైపు మోరీ వదిలి గోడ ఎక్కింది. జబ్బులు తగ్గాయి. షెడ్డు ఉంది, దాని కంపూ ఉంది. ఇప్పటికీ మా ఇంట్లోకి రావాలంటే మోరీ మీద వేసిన చెక్కపలక మీద నడిచి రావాలి.

ఆయన ఎక్కడ నీళ్లిచ్చినా గ్లాసు వెలుతురుకు ఎత్తి చూసి తాగేవారు. పెళ్లివాళ్లు నొచ్చుకున్నా సరే. నా మెట్ల సంగతి గల్లీలో నాలుగిళ్లకు ఆయనే చెప్పి ఉంటే నేను తల ఎత్తుకునేదాన్ని కాదు. ఎవరైనా అడిగితే "పైపు పాతది" అనేవారు.

సార్ పోయిన రోజు కాటి నుంచి తిరిగి వచ్చేవాళ్లకు కాళ్లు కడుక్కోవడానికి ఆయన గడప ముందు నా తెల్ల బకెట్టే పెట్టాను. ఎంత తోమినా దాని లోపలి ఎర్ర గీత పోలేదు. షెడ్డు కోడలు చెంబు ముంచి, ఎండకు వంచి చూసి, ఒక్కొక్కరికీ అందించింది. కాళ్ల మీద పోసుకునే నీళ్లకు అంత పరీక్ష అక్కర్లేదని ఒక్కరూ అనలేదు.

చివరికి నా వంతు వచ్చింది. ఆ పిల్ల చూసి ఇచ్చిన చెంబును నేను మళ్లీ ఎండకు వంచి చూశాను.