నజీర్ స్టూడియోలో మొండికేసిన కంప్యూటర్

మా గోదావరిఖనిలో ఫొటోల నజీర్‌కు ఉన్నంత ఓపిక ఎవరికీ లేదు. ఆయనకున్నంత మొండితనం అసలే లేదు. రెండూ ఒకే మనిషిలో ఉంటే ఎంత కష్టమో పక్క దుకాణంలో గడియారాలు బాగుచేసుకునే నన్ను అడగాలి. నజీర్ ఇరవై ఏళ్లుగా చీకటి గదిలో ఫొటోలు కడిగి తీగకు వేలాడదీసేవాడు. కస్టమర్ వచ్చి తీసుకుపోయేదాకా ఒక్కటీ తీగ దిగేది కాదు. "ఎప్పుడొచ్చి అడిగినా కండ్ల ముందట ఉండాలె" అనేవాడు.

తొంభై ఎనిమిదిలో హైదరాబాద్ నుంచి కంప్యూటర్ తెచ్చాడు. కరీంనగర్ దాకా అంత జోరైన మిషన్ లేదని ఆయనే చెప్పుకున్నాడు. పాత ఫొటోల మీద మచ్చలు తుడవడం, వేర్వేరు ఫొటోలను ఒకటిగా కలపడం, అన్నీ దాంట్లోనే. మొదటి పది రోజులు బాగానే పరుగెత్తింది. తర్వాత మౌస్ నొక్కి, పోయి ఛాయ్ తాగి వచ్చినా తెర కదిలేది కాదు.

సరిగ్గా అప్పుడే అనసూర్య వచ్చింది. ఆమె భర్త రాయమల్లు బొగ్గుబావిలో, అంటే గనిలో, పట్టాల మీది బొగ్గు టబ్బులను తాడుతో పైకి లాగే మిషన్ నడుపుతాడు. ఆ నెలాఖరుకు రిటైర్మెంట్. ఆఖరి షిఫ్టు దిగాక తోటివాళ్లు దండలేసి, బ్యాండుతో ఇంటిదాకా ఊరేగిస్తారు. ఆమె రెండు చిన్న ఫొటోలు బల్ల మీద పెట్టింది. ఒకటి రాయమల్లు నౌకరీలో చేరినప్పటిది, ఇంకొకటి ఆమె తన అక్క పెళ్లిలో దిగింది.

"పెండ్లయి ముప్పై ఆరేండ్లాయె. ఇద్దరం కలిసి ఒక్క ఫొటో దిగలే. నేను తయారైతే ఆయనకు షిఫ్టు ఉండె. వయసుల ఉన్నప్పటివి గివే ఉన్నయ్. పక్కపక్కన నిలవెట్టు బిడ్డా. ఆయన ఊరేగింపుల వచ్చేసరికి ఇంటి ముందట పెట్టాలె."

"రెండు రోజుల్ల ఇస్త చిన్నమ్మా, నువ్వు ఫికర్ చెయ్యకు" అన్నాడు నజీర్.

రెండు రోజులు కాస్తా పన్నెండు రోజులయ్యాయి. హైదరాబాద్‌కు ఫోన్ చేస్తే మెమరీ పెంచమన్నారు. పెంచాడు. కాదు, బొగ్గు దుమ్మే కారణమని డబ్బా విప్పి బ్రష్‌తో ఊడ్చాడు. ఎండ వేడి అనుకుని కూలర్‌ను దానివైపు తిప్పి, తాను చెమటలు కక్కుతూ కూర్చున్నాడు. ఆయన భార్య నుస్రత్ బేగం దువా చదివి కంప్యూటర్ మీద ఊదింది. "గడియారమైతే ఎప్పుడో బాగుచేసేవాణ్ణి" అని నేను నోరు జారితే రెండు రోజులు నాతో మాట్లాడలేదు.

రేపే ఊరేగింపు అనగా, మధ్యాహ్నం మొదటి షిఫ్టు దిగి రాయమల్లు ఫొటో సంగతి అడగడానికి వచ్చాడు. నజీర్ తలెత్తలేకపోయాడు. "కాకా, నా మాట పోయింది. గింత పెద్ద మిషన్ తెచ్చి చిన్నమ్మ అడిగిన ఒక్క ఫొటో చెయ్యలేకపోతున్న." ఆయన గొంతు వినగానే, అన్ని రోజులు ఎగతాళి చేసినందుకు నాకు సిగ్గేసింది.

రాయమల్లు కంప్యూటర్ చూడటం అదే మొదలు. స్టూలు లాక్కుని తెర ముందు కూర్చున్నాడు. తెర అడుగున చిన్న చిన్న పట్టీలు కిక్కిరిసి ఉన్నాయి.

"కింద గివన్ని ఏంది?"

"కస్టమర్లు తీసుకపోని ఫొటోలు కాకా. పొద్దున దుకాణం తియ్యంగనే అన్ని తెరిచి పెడ్త. అడగంగనే చూపెట్టాలె గద."

"ఎన్ని?"

"నలభై మూడు."

నాకు తల తిరిగింది. ఈ మహానుభావుడు కంప్యూటర్‌లో కూడా తీగ కట్టాడు! రాయమల్లు మాత్రం పెద్దగా నవ్వాడు. "నిండిన టబ్బులన్ని లైన్ మీదనే నిలవెడ్తే ఖాళీ టబ్బు యాడికి పోతది? మిషన్‌కు ఎంత బలముంటే ఏం లాభం, తొవ్వ ఉండాలె గద! పంపియ్యి వాటిని."

"మూస్తే పోతయేమో కాకా."

"రోజూ మళ్లీ తెరుస్తున్నవంటే అవి లోపల భద్రంగ ఉన్నట్టే గద, నజీర్ భాయ్!" అని నేనే అరిచాను.

నజీర్ ముందు ఒకటి మూశాడు. వెంటనే మళ్లీ తెరిచి చూశాడు. ఉంది. ఇక వరుసగా నలభై మూడూ మూసేశాడు. ఆ తర్వాత మౌస్ నొక్కడం ఆలస్యం, తెర కదిలింది. దీపాలు పెట్టే వేళకు పెద్ద ఫొటో చేతికొచ్చింది. పడుచు రాయమల్లు, పడుచు అనసూర్య భుజం భుజం కలిపి నిలబడ్డారు. నజీర్ దాన్ని పట్టుకుని దుకాణం దుకాణం తిరిగి చూపించాడు.

మర్నాడు బ్యాండు వాళ్లింటి ముందు ఆగింది. గుమ్మం పక్కన కుర్చీలో ఫొటో ఉంది. రాయమల్లు మెడనిండా దండలతో దాని ముందు నిలబడిపోయాడు. "గప్పుడు మస్తుగున్నం గదనే" అన్నాడు భార్యతో. కళ్లు తుడుచుకున్నాడు. నజీర్ మెడలోని కెమెరా ఎత్తి, "కాకా, ఇప్పుడు నిజంగనే ఇద్దరు నిలవడుండ్రి" అన్నాడు.

రాయమల్లు ఆమె పక్కకు జరిగి అలవాటు కొద్దీ, "జల్ది తియ్యి నజీరూ" అన్నాడు.

అనసూర్య ఆయన చెయ్యి గట్టిగా పట్టుకుంది. "ఏం జల్ది? యాడికి పోతవ్? రేపు నీకు షిఫ్టు లేదు."