పెరట్లో పుట్టిల్లు

ఎండలు ముదిరి పత్తి రావడం ఆగిపోతే ఆదోనిలో మిల్లు మూసేసేవాళ్లు. మా అమ్మా నాయనా ఇద్దరిదీ ఆ మిల్లులోనే పని. గేటుకు తాళం పడిందంటే మా వీధి సగం ఖాళీ అయ్యేది. ఒకరు గూడూరు, ఒకరు కృష్ణగిరి, ఆడవాళ్లంతా పిల్లల్ని చంకనేసుకుని పుట్టిళ్లకు బయలుదేరేవాళ్లు. ఎదురింటి నా స్నేహితురాలు ఎమ్మిగనూరు బస్సెక్కి కూర్చుని నావైపు చూసిన చూపు నాకిప్పటికీ గుర్తుంది. దాని మొహానికి బస్సు కిటికీ ఒకటి తక్కువైంది.

మేం ఎక్కడికీ పోయేవాళ్లం కాదు. అమ్మను కన్నవాళ్లు ఆమె పెళ్లైన కొద్దికాలానికే ఒకరి వెనక ఒకరు పోయారు. అన్నదమ్ములు లేరు. నాయన పుట్టి పెరిగింది ఈ ఇంట్లోనే కాబట్టి, ఆయన వైపు పోదామన్నా వేరే ఊరు లేదు.

ఆ ఏడు అమ్మ చలిజ్వరంతో మంచాన పడి లేచింది. లేచింది అనడమే గానీ కోలుకున్నది లేదు. తెల్లారితే నీళ్ల కడవ, జొన్నరొట్టెలు, మిల్లు, మళ్లీ పొయ్యి. కొన్నాళ్లు పనీపాటా మాని పడుకోకపోతే మనిషి దక్కదని డాక్టరు చెప్పాడట. ఎక్కడికి పంపాలి, ఏం పెట్టి పంపాలి అని నాయన తల పట్టుకున్నాడు. అమ్మ మాత్రం నవ్వి, "పుట్టిల్లు లేనిదానికి యాడికి పోయినా అత్తిల్లేలే" అంది.

ఆ మాట మా జేజికి తగిలింది. జేజి అంటే నాయనను కన్నతల్లి. అమ్మను కన్నతల్లినైతే అవ్వ అంటాం. మా జేజి నోరు వీధి చివరిదాకా వినబడేది. పొద్దున లేచి కోడలిని ఏదో ఒకటి అననిదే ఆమెకు రొట్టె గొంతు దిగదు. అట్లాంటి మనిషి ఆ రోజంతా నోరు మూసుకుని కూర్చుంది. మర్నాడు నాయనను పిలిచి, "యాడికీ పొయ్యే పన్లేదు. దాన్ని ఈడనే పుట్టింటికి తోలుకపోతా. బస్సు చార్జీ గూడా మిగులుతాది" అంది.

మా ఇల్లు రెండు గదులది. వెనకగదీ పెరడూ పుట్టిల్లట. ముందుగదీ అరుగూ అత్తిల్లట, నాయన అక్కడే ఉండాలట. పుట్టింటికొచ్చిన కూతురు కడవ ముట్టకూడదు, పొయ్యి దగ్గరికి రాకూడదు. అమ్మ ఇక ఆమెను అత్తా అనకూడదు, అమ్మా అనాలి. నాకూ ఒక మాట చెప్పింది. "ఈ నాలుగు దినాలూ జేజీ అంటే పలకను. అవ్వా అని పిలువు."

నాకు ఒళ్లు మండింది. బస్సెక్కని పుట్టిల్లూ ఒక పుట్టిల్లేనా? పైగా నీళ్లకు నన్నే తోలేది. కానీ బొరుగులు నానబెట్టి, పచ్చిమిరపకాయలు నూరి తాలింపు వేసిన ఉగ్గాని వేపచెట్టు నీడలో తింటుంటే కోపం కొంచెం కొంచెంగా దిగింది. ఒకరోజు బెల్లం పూర్ణం పెట్టి ఓళిగలు చేసి నాయనకు నా చేత పంపింది. అత్త అల్లుడికి ఎదురుపడకూడదు గదా. తలుపు చాటున నిలబడి, కొంగు తలమీదికి లాక్కుని, అల్లునికి ఇంకొకటి కావాలేమో కనుక్కో అని నన్ను పురమాయించింది. కన్నకొడుకుకేమో నవ్వాపుకోలేక పొలమారింది.

అమ్మకే అలవాటు కాలేదు. కోడి కూయగానే లేచి చీపురు పట్టుకునేది, జేజి లాక్కునేది. అత్తా అని పిలిచేది, జేజి చెవిటిదానిలా కూర్చునేది. అమ్మ నోరు తెరిచి, ఆ రెండో మాట రాక మూసుకునేది. చివరికి పిలవడమే మానేసి ఎదురుగా వచ్చి నిలబడి చెప్పడం మొదలుపెట్టింది. జేజి పైకి ఏమీ అనలేదు గానీ ఆ ఒక్క మాట కోసం చెవులు రిక్కించుకుని ఉందని నాకే తెలిసిపోయేది. ఇద్దరి మీదా జాలేసేది.

ఒక మధ్యాహ్నం తలకు ఆముదం పెడుతూ జేజి అడిగింది, "మీ అత్త ఎట్ల సూసుకుంటాదే నిన్ను?" పుట్టింటికొచ్చిన కూతురిని ఏ తల్లైనా అడిగే మాటే అది. నోరు పెద్దదే గానీ, జ్వరంలో ఉన్నప్పుడు గంజి తాపి, కాళ్లు పిసుకుతూ తన పక్కనే కూర్చుందని అమ్మ చెప్పింది. ఆ ముసల్దానికి ఆ మాత్రం చేతకాదా అంటూ జేజి దువ్వెనతో గట్టిగా ఒకటి లాగింది.

చూస్తుండగానే చేతిలో డబ్బులు అయిపోయి, మిల్లు తెరిచేదాకా కూలిపనులకు పోక తప్పని రోజులొచ్చాయి. కూతురిని ఉత్త ఒడితో అత్తింటికి పంపరు. జేజి చేటలో బియ్యం, పసుపు కొమ్ములు, ఎండుకొబ్బరి గిన్నె, ఆకూవక్కా సర్దింది. కన్నవాళ్లు పోయాక అమ్మకు ఒడిబియ్యం పోసినవాళ్లే లేరు. అమ్మను పీట మీద కూర్చోబెట్టి జేజి వెనక్కి జరిగింది. మొగుడు పోయినవాళ్లు ఒడి నింపకూడదంటారు. అందుకే పక్కింటి ముత్తైదువను పిలిపించింది. ఆమె దోసిట బియ్యం తీసుకుంది. అమ్మ పట్టిన కొంగును దగ్గరికి ముడుచుకుని, తలెత్తకుండానే జేజితో అంది.

"నువ్వే పొయ్యమ్మా."

తాను పోయకూడదని జేజి గొణిగింది. అమ్మ కొంగు ముడుచుకుని అట్లాగే కూర్చుంది. పక్కింటామె బియ్యం చేటలోకి వదిలి పక్కకు తప్పుకుంది. జేజి దోసిట నిండా ఎత్తి పోస్తే సగం బియ్యం నేలపాలయ్యాయి. ఇద్దరూ ఏడుస్తుంటే నాకూ ఏడుపొచ్చింది.

అమ్మ ఒడి పట్టుకుని పెరటి తలుపులోంచి సందులోకి దిగి, ఇల్లు చుట్టి ముందువైపుకు నడిచింది. నేను వెంట పోయాను. మేం వాకిట్లోకి వచ్చేసరికి, ఇంట్లోంచి పరుగెత్తుకొచ్చిన జేజి రొప్పుతూ గడపలో నిలబడి ఉంది. మొహంలోకి అత్తరికం మళ్లీ తెచ్చుకుని, "ఏమే, మీ అమ్మ బాగుండాదా?" అని అడిగింది.

"బాగుండాదత్తా" అంది అమ్మ. "మోకాళ్ల నొప్పులే. పరుగెత్తొద్దంటే ఇనదు."