తుని నాన్నగారు

తణుకు బస్సులో నా పక్కనున్నావిడ, కిటికీ దగ్గర కూర్చున్న ముసలాయనకి ఇడ్లీ తుంచి తినిపిస్తోంది.

"మీ నాన్నగారాండీ?" అన్నాను.

"ఇప్పుడు నాన్నగారేనండి. తుని స్టేషన్ బయట వానలో పడుంటే ఇంటికి తెచ్చుకున్నాం. ఇలాంటి పెద్దవాళ్లు మా ఇంట్లో తొమ్మిదిమందండి. అందరం ఒక్కచోటే వండుకు తింటాం. ఈయన మాత్రం మూడు నెలలైనా ఒక్క మాట మాట్లాడలేదు. పేరేంటో కూడా తెలీదండి."

ఆవిడ ఇంకో ముక్క అందించింది. ఆయన నోరు తెరవలేదు. ఆ ముక్క తీసుకుని ఆవిడ నోటి దగ్గరే పెట్టాడు.

"నువ్వు తిన్నావా అమ్మా?" అన్నాడాయన.



"లేదు నాన్నా," అంది ఆవిడ.

ఆ ముక్క ఆవిడ మింగేదాకా ఆయన చెయ్యి దించలేదు.