ఎడమ పక్క కాలువ

2023లో నిజామాబాద్ కంఠేశ్వర్‌లోని ఒక చిన్న క్లినిక్‌లో ఫిజియోథెరపిస్టుగా చేరాను. నలుగురిలో నా గొంతు పెగలదు. "గట్టిగా మాట్లాడమ్మా" అని సీనియర్ రోజూ అనేవారు. నేను రోజూ సారీ చెప్పేదాన్ని.

ఆ వానాకాలం బోధన్ దగ్గరి చెరకు రైతు వెంకట్రావు గారిని ఆయన భార్య సుబ్బలక్ష్మి గారు తీసుకొచ్చారు. బైకు మీంచి పడి ఆయన తలకు దెబ్బ తగిలింది. ఆపరేషన్ అయ్యాక కాళ్లకు బలం వచ్చింది కానీ, ఎడమ పక్కన ఏదీ ఆయన దృష్టికి రాదు. దీన్ని మేం నెగ్లెక్ట్ అంటాం. కన్ను బాగానే ఉంటుంది, మెదడే ఆ పక్కను పట్టించుకోదు.

"కంచంలో ఎడమ పక్క కూర ఉంటుంది. కూరేదీ అని నామీద అరుస్తారు" అన్నారావిడ.

ఆయన కోరిక ఒక్కటే. తన చెరకు తోటకు తానే నడిచి వెళ్లాలి. దారి కాలువ గట్టు మీద. వెళ్లేటప్పుడు కాలువ ఎడమ పక్కనే. అందుకే ఆవిడ ఇంటి గేటుకు తాళం వేసి, తాళంచెవి కొంగుకు ముడేసుకున్నారు.

"నా ఇంట్లో నేనే ఖైదీనమ్మాయ్" అని నవ్వబోయి, కళ్లు తుడుచుకున్నారాయన.

క్లినిక్‌లో ఆయనకు ఎడమ వైపున నడుస్తూ మాట్లాడేదాన్ని.

"వినపడట్లా! నీలో నువ్వే మాట్లాడుకుంటావేంటి?" అని విసుక్కున్నారు.

సారీ చెప్పబోయి ఆగిపోయాను. నా మాట అందుకోవడానికి ఆయన మెడ ఎడమకు తిరిగింది! ఇక గొంతు పెంచలేదు. "గోడ మీద ఏమున్నది, చెప్పుండ్రి బాబాయ్" అని మెల్లగా అడిగేదాన్ని. ఆయన తిరిగి, వెతికి, చెప్పేవారు.

"పెళ్లైనకాణ్ణుంచి నేనరిచినా తిరగని మనిషి, నీ గుసగుసకి తిరుగుతున్నాడే!" అన్నారు సుబ్బలక్ష్మి గారు.

కొన్ని నెలలకు గట్టు మీదికి వెళ్లాం. కాలువ వైపు నేను, వెనక ఆవిడ. ఆయన తనంతట తానే ఎడమకు చూస్తారో లేదో తెలియాలంటే ఈసారి నేను నోరు విప్పకూడదు. ఆయన తిన్నగా ముందుకే చూస్తూ నడుస్తున్నారు.

అంతలో ఆయన మెడ దానంతటదే ఎడమకు తిరిగింది.

"ఆగమ్మాయ్! తూముకి గుర్రపుడెక్క అడ్డం పడింది. నీళ్లెలా పోతాయి? ఇన్నాళ్లూ ఎవరూ చూళ్లేదా?"

"చూసే మనిషికి నేనే తాళం వేశాను కదండీ" అంటూ సుబ్బలక్ష్మి గారు కొంగు ముడి విప్పి, తాళంచెవి ఆయన ఎడమ చేతిలో పెట్టారు.

వ్యాయామం మొదలుపెట్టే ముందు మనిషి ఎక్కడికి వెళ్లాలనుకుంటున్నాడో అడగాలని ఆ గట్టు మీద నేర్చుకున్నాను. ఇప్పటికీ ప్రతి పేషెంటునూ మొదట అదే అడుగుతాను, నా గొంతుతోనే. దానికి సారీ చెప్పడం మానేశాను.